చక్రమునికూర

ఆంధ్రగృహిణికి ఆకుకూరలు క్రొత్తవి కావు. తోటకూర, బచ్చలి, గోంగూర, చుక్కకూర, మెంతికూర, పొన్నగంటికూర మన తల్లులకును, వారి తల్లులకును తెలిసినవే. వీనిలో దేనిని పప్పులో వేయవలయునో, దేనిని పులుసుగా కాచవలయునో, దేనిని బాలింతకు పెట్టరాదో మన కెవరును పుస్తకము తెరచి చెప్పనక్కరలేదు. ఆ తెలివి వంటయింటిలోనే పుట్టి, వంటయింటిలోనే పెరిగి, అత్తనుండి కోడలికిని తల్లినుండి కూతురికిని సంక్రమించుచున్నది. కాని దూరదేశమునుండి యొక క్రొత్త మొక్క వచ్చి మన పెరటిలో వేరూనినపుడు, దాని పుట్టింటి వంటపద్ధతి దానివెంట రాదు. మొక్క మాత్రము వచ్చును. దానినిగూర్చిన తెలివి వెనుకబడిపోవును. ఆ వెలితిని వదంతులు వచ్చి నింపును. అట్టి యొక మొక్కనుగూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పుట యావశ్యకమని తోచి మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

దీనిని కన్నడిగులు చక్రముని సొప్పు అందురు. మలయాళదేశమున చెక్కుర్‌మానిస్ అనియు, మధురచీర యనియు వాడుక. మన తెలుగునాట మొక్కలమ్మువారు దీనికి ‘మల్టీవిటమిన్ మొక్క’ యను గొప్ప పేరు పెట్టి యమ్ముచున్నారు. మాకు చక్రమునికూర యను పేరే యింపుగా నున్నది గనుక ఇచ్చట ఆ పేరే వాడెదము. చక్రముని యనగానే ఏ ఋషిపుంగవుడో తపస్సు చేసి దీనిని లోకమునకు తెచ్చినాడని యెవరైనను తలపవచ్చును. కాని మలయాభాషలో దీని పేరు చెకూర్ మానిస్. మానిస్ అనగా తీపి. ఆ మాటయే నోటినోట నలిగి చక్రముని యైనదని మాకు తోచుచున్నది. ఇందు చక్రమును లేదు, మునియును లేడు. ఉన్నదెల్ల ఆకునందలి కొంచెము తీపి మాత్రమే.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సారోపస్ ఆండ్రోగైనస్ అని చిరకాలము వ్యవహరించిరి. ఇటీవల బ్రేనియా యను ప్రజాతిలో చేర్చి బ్రేనియా ఆండ్రోగైనా యనియు వ్రాయుచున్నారు. పేరులోని రెండవ మాటకు గ్రీకుభాషలో స్త్రీత్వమును పురుషత్వమును రెండును గలదియని యర్థము. ఒకే కొమ్మమీద మగపూవులును ఆడపూవులును పూయుటచే దీని కా పేరు వచ్చినది. మనవారు పెట్టినచో అర్ధనారీశ్వరమని పెట్టియుందురు. ఇది మన యుసిరికకును, నేలయుసిరికకును చుట్టము. ఆ చుట్టరికము చూడగనే తెలియును. సన్నని రెమ్మ కిరువైపుల కోలాకులు వరుసదీరి యుండుటచే రెమ్మయంతయు నొక్క పెద్ద యాకువలె కనబడును. ఆకుల మొదళ్ళయందు ఎఱ్ఱని బిళ్ళలవంటి చిన్న పూవులు క్రిందికి వ్రేలుచుండును. తరువాత నా పూవుల యెఱ్ఱని యంచు క్రింద తెల్లని గుండ్రని కాయ లేర్పడును. కొమ్మను పైకెత్తి చూచినవారికే యీ సొగసు కనబడును. పైనుండి చూచువారికి పచ్చని యాకులు తప్ప మరేమియు కానరావు.

ఇది తేమగల యుష్ణదేశపు టడవులలో, పెద్దచెట్ల నీడను పెరుగు పొద. భారతదేశము మొదలుకొని మలయా, ఇండోనేషియా, వియత్నాము దేశములవరకును ఇది గలదు. అడవిలో పుట్టినదగుటచే దీనికి తీవ్రమైన యెండకంటె పలుచని నీడ యెక్కువ ప్రియము. మనయిండ్లలో ఏ కూరయు సరిగా పెరుగని చోటొకటి యుండును. గోడనీడ పడునది, నూతినీరు చిందునది. ఆ చోటే దీనికి చాలును. మా పెరటిలో నట్లే పెరుగుచున్నది. విత్తనముతో పనిలేదు. జానెడు ముదురుకొమ్మను విరిచి తడినేలలో గ్రుచ్చినచో కొలదివారములలో చిగురించును. విడిచిపెట్టినచో నిలువెత్తు మించి పెరిగి ఆకు ముదిరిపోవును. కాబట్టి రొమ్మెత్తు రాగానే తల త్రుంచుచుండవలెను. త్రుంచినకొలదియు ప్రక్కలనుండి క్రొత్త రెమ్మలు వచ్చును. ఒక్కసారి నాటినచో ఏండ్లతరబడి కోయవచ్చును. కూరగాయల ధర లెట్లున్నను పెరటిలోని యీ పొద గృహిణిని చేయివిడువదు.

ఇక దీని పుట్టింటివారు దీనిని తిను రీతి యెట్టిదో తెలిసికొనుట ముఖ్యము. ఇండోనేషియాలో దీనిని కాటుక్ అందురు. పలుచని చారులో లేత మొక్కజొన్నగింజలతో నుడికించి యన్నములోనికి వాడుదురు. పాలు సమృద్ధిగా పడునని బాలింతలకు పెట్టుట యచ్చటి యాచారము. వియత్నాములో దీనిపేరు రౌ ఙోత్. ఆకులను చేతితో నలిపి, రొయ్యలతోనో మాంసముతోనో చారు కాతురు. మలయాదేశమున వెల్లుల్లి వేసి, కోడిగ్రుడ్డు కలిపి వేపుదురు. దేశములు వేరు, దినుసులు వేరు; కాని యన్నిట నొక్క విషయము సమానము. ఆకు పొయ్యియెక్కిన తరువాతనే కంచములోనికి వచ్చుచున్నది. ఆ కంచములో నది కూరగానే యుండును. ఒక పూట తిని మరునాడు మరియొక కూర తినుట సహజము. దీనిని బిందెలకొలది పిండి త్రాగు వాడుక ఆ వంటయిండ్లలో లేదు.

మేము దీనిని పెక్కువిధముల వండితిమి. పెసరపప్పుతో వండుట శ్రేష్ఠమని మా యనుభవము. లేత రెమ్మలనుండి ఆకును దూసి, ఈనెలు పారవైచి, రెండుసార్లు కడిగి తరుగవలెను. పప్పు ముక్కాలుపాలు ఉడికినపిదప ఆకును వేసి, మూతపెట్టక, మెత్తబడువరకు నుడికింపవలెను. పచ్చిమిరపకాయ, ఉప్పు, చిటికెడు పసుపు చాలును. నేతితో జీలకఱ్ఱ, ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ పోపు పెట్టినచో కమ్మగా నుండును. ఆకునందు సహజముగ తీపి యుండుటచే చింతపండు పులుసు దీనికంతగా నతుకదు. దింపిన పిదప నిమ్మరసము పిండినచో చాలును. కొబ్బరికోరు వేసి పొడికూరగా చేసినను బాగుండును. పిల్లలు బచ్చలిని చూచి మూతి ముడుచుకొందురు గాని దీనిని కాదనరు. పచ్చిబఠాణీల రుచి కొంత యిందున్నది.

దీనియందలి పోషకములనుగూర్చి విందుము. మాంసకృత్తులు తక్కిన యాకుకూరలకంటె నెక్కువ. నూరు గ్రాముల పచ్చియాకులో సుమారు 5 మొదలు 7 గ్రాములవరకు నుండును. కంటికి మేలుచేయు కెరోటినును, సున్నమును, ఇనుమును, సి విటమినును గలవు. సి విటమిను వండునపుడు కొంత పోవును. కాని కెరోటిను నిలుచును. నేయియో నూనెయో కొంచెము తోడైనపుడు శరీరమునకు బాగుగ పట్టును. పోపుపెట్టు మన పద్ధతి యిందులకు చాల యనుకూలము. ఇన్ని గుణములు గల యాకును మెచ్చుకొనవలసినదే. అయినను ఇది తోటకూరకు తోబుట్టువువంటి కూర మాత్రమే, సంజీవని కాదు. ‘మల్టీవిటమిన్’ అను పేరు దానికి చేసిన మేలుకంటె కీడే యెక్కువ. కూరయని చెప్పినచో గుప్పెడు వండుకొందురు. మందని చెప్పినచో గ్రుక్కెడుతో తృప్తిపడక గ్లాసెడు త్రాగుదురు.

ఈ మాట యూరక వ్రాసినది కాదు. గడచిన వేసవిలో మా యాడబిడ్డ కుమార్తె మాయింటికి వచ్చి కొన్నిదినము లుండెను. చదువుకొన్న పిల్ల; ఉద్యోగము చేయుచున్నది; ముఖమున కళ, మాటయందు నెమ్మది గలది. వచ్చిన మరునాడు తెల్లవారకమునుపే పెరటిలో చక్రముని కొమ్మలు దూయుచుండగా చూచి, వంటకై కోయుచున్నదని సంతసించితిమి. లోనికి వచ్చి యాకునంతయు పచ్చిదే మిక్సీలో వేసి, జామపండు ముక్కలు కలిపి, రసము తీసి వడగట్టుచున్నది. ఇదేమని యడిగితిమి. ఆమె తన ఫోనులో నొక చిత్రము చూపినది. అందొక స్త్రీ, ఈ రసమును పరగడుపున నలువది దినములు త్రాగినచో నడుము సన్నబడునని నవ్వుచు చెప్పుచున్నది.

‘ఆకే గదా అత్తయ్యా! మందులు మ్రింగుటలేదు గదా! ఆకువలన కీడేమి?’ అని యామె యన్నది.

ఈ ప్రశ్న చాలమంది మనసులలో నున్నదే. గన్నేరుది యాకే. ఉమ్మెత్తదియు నాకే. అంతదూర మేల? మన కందను తీసికొనుడు. పచ్చికందను నమిలినచో గొంతు పట్టి కన్నీరు వచ్చును. అదే చింతపండు వేసి యుడికించి, ఆవపెట్టి వడ్డించినచో విందగును. వస్తువు మారలేదు, వండు విధము మారినది. కావున ఆకుగనుక కీడులేదనుట యుక్తి కాదు. అయినను యుక్తితో ఆమెకు నచ్చచెప్పుటకంటె జరిగిన సంగతి చెప్పుట మేలని తలచితిమి. అది మాకు ముందే తెలియును. మొక్కను నాటిన క్రొత్తలో మా యింటివారు ఆంగ్ల వైద్యపత్రికలలో దీనినిగూర్చి వ్రాసినది వెదకి, మాకు తెలుగున చెప్పియుండిరి. ఆ పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మేమా కథ చెప్పితిమి.

తైవాన్ ద్వీపమున చక్రమునికూర పూర్వము వాడుకలో నున్న కూర కాదు. 1994వ సంవత్సర ప్రాంతమున, శరీరము సన్నబడుటకు మంచిదను ప్రచారముతో అచ్చట వ్యాపించినది. పుట్టింటి వంటపద్ధతి దానివెంట పోలేదు. జనులు పచ్చియాకును జామపండు రసముతోనో, అనాసపండు రసముతోనో కలిపి పిండుకొని, దినమునకు నూరు గ్రాములకు మించిన యాకు చొప్పున, వారములకొలది త్రాగిరి. త్రాగినవారిలో దాదాపందరును స్త్రీలు, యువతులును నడివయసువారును. కొందరికి నిద్ర పట్టకుండెను, గుండె దడదడలాడెను, ఆకలి చచ్చెను. బరువు తగ్గుటకు గుర్తిదియేయని వారు సంతసించియుందురు. తరువాత దగ్గు వచ్చినది. ఆ పిమ్మట మెట్లెక్కునపుడు ఆయాసము. 1995వ సంవత్సరమున ఆసుపత్రులకు వచ్చినవారి నందరిని పరీక్షించిన వైద్యులకు, వారందరు త్రాగినది యీ రసమేయని తెలిసినది. వ్యాధి సోకినవారు రెండువందలకు మించిరి. ఈ సంగతి 1996లో ‘లాన్సెట్’ అను ప్రసిద్ధ వైద్యపత్రికయందు ప్రకటితమైనది.

ఆ వ్యాధి యెట్టిదో తెలిసికొందము. మన యూపిరి లోనికి పోవు గొట్టము రొమ్ములో దిగి, చెట్టు కొమ్మలవలె చీలి చీలి, కడపట వెండ్రుకలవంటి సన్నని రెమ్మలగును. ఈ వ్యాధియం దా సన్నని రెమ్మల గోడలు దెబ్బతిని, ఆ పుండు మానునపుడు మచ్చకట్టి, దారిని మూసివైచును. ఉబ్బసమునందు మూసికొన్న దారి మందువలన మరల తెరచుకొనును. ఇందు తెరచుకొనదు; మచ్చ మచ్చగనే యుండిపోవును. అందుచే రసము త్రాగుట మానినను, మందులు వాడినను, పెక్కుమందికి పోయిన యూపిరి తిరిగి రాలేదు. కొందరు మరణించిరి. కొందరికి ఊపిరితిత్తులు మార్చి వేరువి పెట్టవలసివచ్చెను. నడుము సన్నబడవలెనని కోరుకొన్నవారికి ఊపిరిదారి సన్నబడినది. ఇంతకంటె క్రూరమైన వరము పురాణములయందును లేదు.

తైవాన్ కథతోనే యిది ముగియలేదు. జపానులో దీని యాకును ఎండించి పొడిచేసి, ఆరోగ్యాహారమను పేర నమ్మిరి. దానిని తిన్నవారికిని ఇట్టి వ్యాధియే కలుగగా, 2003వ సంవత్సరమున ఆ దేశప్రభుత్వము దీని పొడిని, మాత్రలను అమ్మరాదని నిషేధించినది. కూరగా తిన్నప్పుడు ఒకనా డొక గుప్పెడు తినుటయే కష్టము. పొడిగా చేసినచో గుప్పెడాకు చెంచాలో నిముడును. మితము తప్పుటకు అంతకంటె సులభమైన మార్గము లేదు. దంతములును నాలుకయు మన కిచ్చిన కొలత రసమునందును పొడియందును పోవుచున్నది.

మేము చెప్పుచున్నంతసేపు ఆ పిల్ల తల వంచుకొని వినెను. గ్లాసులోని రసము నురుగు దిగి పచ్చగా నుండిపోయినది. తరువాత నామె మెల్లగా, ‘వారు లావుగా నున్నదన్నారు, అత్తయ్యా’ అన్నది. సంగతి యప్పుడు తెలిసినది. పెండ్లిచూపులకు వచ్చినవా రెవ్వరో ఇంటికి పోయి, పిల్ల కొంచెము సన్నబడినచో ఆలోచింతుమని కబురంపిరట. తల్లి యేడ్చినదట. తండ్రి మాటాడలేదట. ఇంటిలో నేమి వండినను తన కంచము వంకనే యందరు చూచుచున్నట్లు తోచి, ఆమె మాయింటికి వచ్చినదట.

సోదరీమణులారా, ఆ రసమును పారబోయించుట సులభమే, మేమట్లే చేయించితిమి. కాని రసమును త్రాగించిన మాటను పారబోయుట యెట్లు? పార్వతీదేవి తపస్సు చేయునపుడు రాలిన యాకులనుగూడ తినుట మానినందున అపర్ణ యను పేరు వచ్చెనని మనము చిన్ననాడే చదువుకొన్నాము. ఆ తల్లి తన దేహమును కృశింపజేసికొన్నది తన సంకల్పముచేత, తాను కోరిన వరునికొరకు. మన యాడపిల్లలు తాము కోరనివాని కొరకు, తా మెరుగనివారు పలికిన యొక్క మాటకొరకు కృశింపవలెనా? ఒకరు తపస్సు చేసిరి. వేరొకరిచే తపస్సు చేయింపబడుచున్నది. రెండును ఒక్కటి కావు.

మేము మా యాడబిడ్డకు ఫోనుచేసి, జరిగినది జరిగినట్లు చెప్పితిమి. ‘వదినా, నేను మాత్రమేమి చేయుదును? నలుగురి నోరు మూయగలనా?’ అని యామె వాపోయినది. ‘నలుగురి నోరు మూయలేము, మన నోరు మూసికొనగలము గదా! కంచము ముందు కూర్చున్న పిల్లతో నిక మీద బరువు మాట యెత్తకుము’ అంటిమి. కొంతసేపు ఆమె మాటాడలేదు. తరువాత, ‘పిల్ల త్రాగినదా?’ అని భయపడుచు నడిగినది. లేదని చెప్పినంతట నామె వెక్కివెక్కి యేడ్చుట మాకు వినబడినది. తల్లికి కూతురు సన్నబడుటకంటె బ్రదికియుండుటయే ముఖ్యమని యా యేడుపే చెప్పుచున్నది. ఆ సంగతి కూతురికి తెలియునట్లు చెప్పువారే మన యిండ్లలో కరవు.

శరీరభారము నిజముగా ఆరోగ్యమునకు హానికరమైనంత యున్నచో వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. మితాహారము, నడక, నిద్ర యెల్లవారికి మంచివి. అవి నెమ్మదిగా పనిచేయును గనుక ఫోనులలో వానిని పొగడువారు తక్కువ. నలువది దినములలో నడుము మార్చెదమనువారు తొంబదవనాడు మన యింటికి వచ్చి మన యాయాసమును చూడరు. వారు చూపునది నవ్వుముఖము. మనకు మిగులునది మన యూపిరి.

చక్రమునికూరను పెంచు సోదరీమణులకు మా మనవి యిది. మొక్కను పెరికివేయ నక్కరలేదు. దాని తప్పేమియు లేదు. లేత యాకునే కోయుడు. బాగుగ వండియే తినుడు. వండితిమిగదా యని ప్రతిదినమును, ప్రతిపూటయు దానినే తినకుడు. వారమున కొకటి రెండుసార్లు, తక్కిన కూరలతోపాటు వంతుగా వండుడు. పచ్చియాకు నమలుట, రసము త్రాగుట, పొడి పాలలో కలుపుకొనుట ఎవరు చెప్పినను చేయకుడు. దగ్గు, ఆయాసము గలవారును, గర్భిణులును, బాలింతలును వైద్యుని యడిగియే దీనిని వాడవలెను. ఇరుగుపొరుగువారికి కొమ్మ నిచ్చునపుడు వండు విధమును గూడ చెప్పి యిండు. కొమ్మ నిచ్చుట యొక నిమిషము. ఈ మాట చెప్పుట మరియొక నిమిషము. ఆ రెండవ నిమిషమునకు మన మెన్నడును బద్ధకింపరాదు.

మా మేనకోడలు పదిదినము లుండి వెళ్లినది. వెళ్లునాడు రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి యిమ్మని తానే యడిగినది. ఆ సంబంధము వారికి మా యాడబిడ్డ తానే వద్దని కబురంపినదని పిదప తెలిసినది. మొన్న పిల్ల ఫోనుచేసి, కొమ్మలు చిగిర్చినవనియు, పెసరపప్పులో వేసి వండగా తండ్రి రెండవమారు వడ్డించుకొన్నాడనియు చెప్పినది. తానును కడుపునిండ తిన్నదట.